అడవిలో పెన్సిలు పని

కిన్నెరసాని అడవికి పోతున్నారటగా పిల్లలూ! మంచిమాట. నీళ్ల సీసాలు, టోపీలు, జంతికలు మీ అమ్మలు సర్దుతారు, వాటి జోలికి నేను రాను. నేను అడిగేది ఒక చిన్న నోటుబుక్కు, దానికి దారం కట్టి వేలాడదీసిన ఒక పెన్సిలు. పెన్ను వద్దు. నాలుగు చినుకులు పడితే సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు రాత అలాగే ఉంటుంది. "చేతిలో ఫోనుండగా పుస్తకమెందుకు తాతయ్యా?" అంటారు, తెలుసు. ఫోను సంగతి తర్వాత చెప్తా. ముందో పక్షి కథ వినండి. మన భద్రాచలానికి చుట్టరికం ఉన్న పక్షే.

దాని పేరు కలివికోడి. పేరులో కోడి ఉంది గానీ కోళ్ల జాతి కాదు, తీతువుకు దూరపు బంధువు. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా ముళ్లపొదల నీడన కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక పురుగుల కోసం తిరుగుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న జెర్డన్ దొర ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి ఆయన పేరే తగిలించారు. పెన్నా లోయలో అక్కడక్కడా కనబడేది. ఆ తర్వాత కొన్నేళ్లకు బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన గోదావరి లోయలో, సిరొంచ దగ్గరా మన భద్రాచలం దగ్గరా చూసినట్టు రాసిపెట్టాడు. ఈ బ్లాన్‌ఫోర్డ్ పక్షుల ఉద్యోగంలో ఉన్నవాడు కాదు. భారత భూగర్భ సర్వే ఉద్యోగి, ఇసుకరాళ్ల పొరలు పరిశీలించడం ఆయన పని. రాళ్ల పని మీద తిరుగుతూ కళ్లబడ్డ పిట్టల్నీ రాసుకున్నాడు, అంతే.

1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక కలివికోడి మళ్లీ ఎవరికీ చిక్కలేదు. 86 ఏళ్లు గడిచాయి. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల కొండల దగ్గర దాన్ని తిరిగి కనుగొన్నాడు. కనుగొన్నాడు అంటున్నాం గానీ పట్టి చూపించింది అక్కడి పిట్టలు పట్టేవాడే. శాస్త్రవేత్తల లెక్కలో పోయిన పక్షి ఆ ఊరివాళ్ల లెక్కలో ఎప్పుడూ ఉంది. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, రాత్రి దాని మీదుగా నడిచిన పక్షుల అడుగులు తెల్లారి చూసుకున్నారు. ఎదురుగా ఏది కదిలినా తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. మొన్న 2025లో కూడా కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలోనే దాని కూతను రికార్డు చేశారు.

మరి గోదావరి లోయలో? బ్లాన్‌ఫోర్డ్ రోజుల తర్వాత ఇక్కడ గట్టి దాఖలా మరొకటి లేదు. కానీ ఎవరైనా ఈ వైపు ముళ్లపొదల్లో వెతకాలనుకుంటే వాళ్లకున్న ఆధారం ఆ పాత రాతే. రాళ్ల కోసం వచ్చిన మనిషి ఓపికగా రాసుకున్న ఆ రెండు ఊళ్ల పేర్లు లేకపోతే, ఈ పక్షికీ మన ప్రాంతానికీ సంబంధం ఉందన్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు.

ఊరి పేరు అన్నాను కదా, దాన్ని కాస్త పట్టుకోండి. బ్లాన్‌ఫోర్డ్ తిరిగిన రోజుల్లో భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చి గోదావరి జిల్లాలో కలిపారు. తర్వాత అది తూర్పు గోదావరి జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల ఊళ్లు, మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. కొండ కదల్లేదు, ఏరు కదల్లేదు, పైన బోర్డులు మాత్రం ఇన్నిసార్లు మారాయి. పాత మొక్కల నమూనా మీద "గోదావరి జిల్లా" అని ఒక్క ముక్కే ఉంటే ఆ మొక్క రాజమండ్రి దగ్గరిదో, దుమ్ముగూడెం దగ్గరిదో ఎవరు చెప్పగలరు? అందుకని జిల్లా పేరు రాసి ఊరుకోకండి. ఏ ఊరికి ఎటు వైపు, ఏ వాగు పక్కన, గట్టు మీదా గుట్ట మీదా, అంతదాకా రాయండి. ఫోన్లో అక్షాంశ రేఖాంశాల అంకెలు దొరుకుతాయి, అవీ ఎక్కించండి. అంకెలకు జిల్లాల విభజనతో పని లేదు.

ఇంకో వింత చూడండి. గ్యాంబుల్ అనే అటవీ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద పెద్ద గ్రంథం రాశాడు. 1915లో మొదలైంది. ఆయన పోయాక ఫిషర్ అనే ఇంకొకాయన 1936కి పూర్తి చేశాడు. అందులో భద్రాచలం వైపు గట్టు ఉంది, ఎందుకంటే అది మద్రాసువాళ్లది. గోదావరికి ఇవతలి పాల్వంచ గట్టు నిజాం రాజ్యం, కాబట్టి ఆ పుస్తకం పరిధిలోకి రాదు. మీరు పోయే కిన్నెరసాని ఇవతలి గట్టుదే. మొక్కలు సరిహద్దు చూసుకుని మొలవవు, పుస్తకాలు మాత్రం సరిహద్దు చూసుకునే రాస్తారు.

సరే, పూల దగ్గరికి వద్దాం. ముందు మీకు బాగా తెలిసిన తంగేడుతోనే మొదలుపెట్టండి. బతుకమ్మకు కోసే పువ్వే, తెలంగాణ రాష్ట్ర పుష్పం. తెలిసిన పువ్వును చూడ్డానికేముంది అనుకుంటారు. ఒక తంగేడు పొద ముందు పది నిమిషాలు కూచోండి. ఐదు పసుపు రేకులు. మధ్యలో కేసరాలు అన్నీ ఒక్క పొడుగున ఉండవు. కొన్ని పొట్టివి, కొన్ని వంకర తిరిగిన పొడుగువి. తేనె కోసం వెతికితే చుక్క దొరకదు. ఈ పువ్వు తన దగ్గరికి వచ్చినవాళ్లకు పెట్టేది పుప్పొడి మాత్రమే. అదీ ఊరికే పెట్టదు. మామూలు పూలలో పుప్పొడి తిత్తి నిలువునా విచ్చుకుని పొడి బయటపడుతుంది. తంగేడులో తిత్తి విచ్చుకోదు, ఉప్పు డబ్బా మూతకున్నట్టు కొసన సన్నటి రంధ్రాలుంటాయి. కుదిపితేనే పొడి రాలుతుంది.

కుదిపేదెవరు? నల్లగా, లావుగా ఝుమ్మంటూ వచ్చే తుమ్మెద. అది పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం జోరుగా కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. చెవి ఒగ్గి వింటే, ఎగిరేటప్పటి మోతకూ పువ్వు మీద వాలాక చేసే మోతకూ తేడా తెలుస్తుంది. రెండోది కాస్త కీచుగా ఉంటుంది. పొట్టి కేసరాల పొడి తుమ్మెద తన పిల్లల కోసం పట్టుకుపోతుంది. పొడుగు కేసరాల పొడి దాని ఒంటికి అంటి ఇంకో పువ్వుకు చేరుతుంది. అంటే ఒకటి కూలి కింద ఇచ్చేది, ఒకటి మొక్క తన పని కోసం దాచుకున్నది. తేనెటీగకు ఇలా అదిరించే విద్య రాదు. పెరట్లో టమాటా, వంకాయ పూలూ ఈ రకమే, ఇంటికొచ్చాక చూసుకోండి. ఇప్పుడు చెప్పండి, మీ పుస్తకంలో "తంగేడు పూసింది" అని రాస్తారా, "ఉదయం ఎనిమిది గంటలు, నల్ల తుమ్మెద వచ్చింది, పువ్వు మీద మోత మారింది" అని రాస్తారా?

తెలియని పువ్వు ఎదురైతే పేరు కోసం కంగారు పడొద్దు. పేరు ఇవాళ కాకపోతే వచ్చే ఏడు దొరుకుతుంది. ఆ క్షణంలో చూడనిది మాత్రం మళ్లీ దొరకదు. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి మార్చి ఒకటా? నలిపితే వాసనుందా? నలపడానికి కింద రాలిన ఆకు తీసుకోండి, నలిపాక చేతులు కడుక్కోండి. పువ్వు ముందు నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి. చాలామంది మొహం ఫోటో తీసి తొడిమె వైపు వదిలేస్తారు, తీరా పోల్చుకోవాల్సిన గుర్తులు ఆ వైపే ఉంటాయి. మొక్క మొత్తానికి ఒకటి, ఆకు అడుగుకు ఒకటి, కాయ ఉంటే కాయకు. పక్కన మీ పెన్సిలు పెట్టి తీస్తే కొలతా వచ్చేస్తుంది. టైము రాయడం మరవకండి. విష్ణుక్రాంత అని నేలబారు మొక్క ఉంది, గోరంత నీలి పువ్వు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మధ్యాహ్నం పోయినవాడు ఇక్కడ ఏ పువ్వూ లేదని రాసుకొస్తాడు.

కాలాన్ని బట్టి అడవి మొహమే మారిపోతుంది. మాఘం, ఫాల్గుణం రోజుల్లో ఆకులన్నీ రాల్చేసిన కొమ్మల మీద మోదుగ, బూరుగ, కొండగోగు విరగబూస్తాయి. నీళ్లు లేని కాలంలో ఈ ఆర్భాటమేమిటంటే, ఆకు అడ్డం లేనప్పుడు పువ్వు దూరానికి కనబడుతుంది. మోదుగ పువ్వుకు వాసన లేదు చూడండి, దాని పిలుపంతా రంగుతోనే. తేనెపిట్టలు, గోరింకలు, చిలకలు ఆ ఎరుపు చూసి దిగుతాయి. ఏ చెట్టుకు ఏ పిట్ట వచ్చిందో రాస్తే అదే ఒక మంచి పేజీ. వానలు పడ్డాక కథ నేల మీదకు దిగుతుంది. నేలతాడి పసుపు నక్షత్రాల్లాంటి పూలు మట్టికి ఆనుకుని పూస్తాయి, పొదల మీదుగా నాభి తీగ పాకుతుంది. నాభికి పాకడానికి వేరే నులితీగలుండవు, ఆకు కొసే చుట్టుకుని కొమ్మను పట్టుకుంటుంది. పువ్వు తలకిందులుగా వేలాడుతూ రేకుల్ని పైకి మడుస్తుంది. మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆఖరికి ఎరుపు. ఒకే తీగ మీద మూడు రంగులు కనిపిస్తే మూడు రకాల పూలనుకోకండి, మూడు వయసులు. అందంగా ఉంది కదా అని చెయ్యి పెట్టొద్దు. నిలువెల్లా విషం, దుంప మరీను. కాల్చిసిన్ అనే మందు తీసేదీ దాన్నుంచే.

ఇప్పచెట్టు గురించి చెప్పకుండా ఈ అడవిని దాటలేం. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి పూసి తెల్లవారుజామున రాలుతుంది. పైన ఉన్నప్పుడు గబ్బిలాలు, కింద రాలాక దుప్పులు, ఎలుగులు, వాటితో పోటీగా బుట్టలు పట్టుకున్న కోయ కుటుంబాలు. పూలు ఏరడం తేలికవుతుందని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు కొందరు. ఎండాకాలం అడవి మంటల్లో కొన్ని అక్కడ పుట్టినవే. అలాగని వాళ్లను తిట్టిపోయడం నాకు నచ్చదు. ఆ పూలు వాళ్లకు తిండీ, సంత రోజు చేతి ఖర్చూ. మీరు మాత్రం ఆ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కిందికి పోవద్దు. ఎలుగుబంటి దగ్గర్లో ఎదురుపడితే పారిపోవాలని చూడదు, మీద పడుతుంది.

ఎలుగును చూడక్కర్లేదు, దాని పనులు చూస్తే చాలు. చెదపుట్టకు పెద్ద బొక్క పడి, మట్టి చెల్లాచెదురుగా ఉందంటే అది దాని భోజనశాల. పై దవడలో ముందరి రెండు పళ్లు దానికి ఉండవు. ఆ సందులోంచే ముక్కు మూసుకుని గాలి లాగినట్టు చెదల్ని పీల్చేస్తుంది, ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. దాని పేడలో తునికి గింజలు, రేల గింజలు కనబడతాయి. రేల గింజల పైతోలు గట్టిది. ఎలుగు కడుపులోంచి వచ్చిన గింజలు మామూలు గింజలకంటే బాగా మొలుస్తాయని పరిశోధకులు చూశారు. కాబట్టి పేడ కనబడితే ముక్కు మూసుకుని పోకండి, పుల్లతో కదిపి గింజలు రాసుకోండి. మీ నాయనమ్మకు మాత్రం ఈ సలహా నేనిచ్చానని చెప్పొద్దు.

వాగు ఒడ్డు తడి ఇసుక ఉదయాన్నే చూడాలి, రాత్రి దారిన పోయినవాళ్లంతా సంతకాలు పెట్టి పోతారు. గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదంటే పిల్లి కుటుంబం. అవి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. గోళ్ల గుర్తు ఉంటే కుక్క, నక్క, దుమ్ములగొండి. రెండు గిట్టల ముద్ర దుప్పిదో కణుజుదో. అదే ముద్ర వెనక ఇంకో రెండు చిన్న గుంటలుంటే అడవిపంది. పశువు గిట్టకంటే పెద్దదిగా కనబడితే అడవిదున్న కావచ్చు, కిన్నెరసానిలో ఉన్నాయవి. అక్కడ జలాశయంలో మొసళ్లున్నాయి, ఒడ్డున వాటి పొట్ట ఈడ్చిన చార కూడా చూడొచ్చు. చార చూడగానే నీళ్లకు దూరంగా జరగండి, రాసేది అక్కణ్ణుంచి రాయొచ్చు.

ఇక మీ సార్లు తరచూ అడిగే ప్రశ్న: ఏది మన మొక్క, ఏది బయటి నుంచి వచ్చింది? ఇది కంటితో తేల్చలేం. గడ్డి చేమంతి చూశారుగా, దెబ్బ తగిలితే పసరు పిండుతారని గాయపాకు అని కూడా అంటారు. మన తాతముత్తాతల మందే అనుకుంటాం, అది మధ్య అమెరికా నుంచి వచ్చింది. వయ్యారిభామ 1950ల్లో పుణె దగ్గర కంటబడింది, ఇవాళ అది లేని బాట లేదు. లాంటానాను తోటల అందం కోసం తెచ్చి కలకత్తా తోటలో నాటారు. దాని పువ్వులు లేతప్పుడు పసుపు, ముదిరితే గులాబీ. ఆ అందమే ఇప్పుడు అడవి నేలను కప్పేసి గడ్డినీ, చెట్ల మొలకల్నీ పైకి రానివ్వట్లేదు. బయటిదని తెలిశాక దాన్ని రాయడం మానేస్తారు కొందరు. అది తెలివితక్కువ పని. లాంటానా ఈ వాగు దాకా వచ్చింది, అవతలి గుట్టకింకా రాలేదు అన్న రాత అటవీశాఖవాళ్లకు ఎంతో పనికొస్తుంది.

మన మొక్కల్లో ఎన్నింటి శాస్త్రనామాల వెనకో "రాక్స్‌బ్" అని ఒక తోక కనిపిస్తుంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ ఇక్కడి మొక్కల్ని పరిశీలించాడు. ఆయన పుస్తకం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. మన బీడీ ఆకు తునికి శాస్త్రనామం అందులోదే. ఆయన మంచి పని ఒకటి చేశాడు, మొక్క పక్కన తెలుగు పేరు కూడా రాశాడు. ఊరివాళ్లను అడక్కుండా ఆ పేర్లు ఎలా వస్తాయి? బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. పుస్తకం మీద పేరు మాత్రం దొరగారిది. మీరు గూడేల్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న పేరు రాసేటప్పుడు, ఏ ఊళ్లో విన్నారో పక్కనే రాయండి. మందు తయారీ చెబితే వినండి, వాళ్లు సరేనంటే తప్ప దాన్ని రాసి ఊరంతా పంచొద్దు.

ఒక్కో పువ్వు, ఒక్కో పిట్ట రాస్తే ఏమొస్తుంది అనుకుంటున్నారా? పాలపిట్ట లెక్క చెప్తాను. దసరానాడు చూడాలని తహతహలాడే మన రాష్ట్ర పక్షి. అది తగ్గిందా పెరిగిందా ఎలా తెలుసుకోవాలి? అన్నింటినీ పట్టి లెక్కపెట్టలేం. దేశమంతటా పక్షులు చూసేవాళ్లు ఒక చోట కాసేపు నిలబడి, కనబడ్డ పక్షులన్నిటి జాబితా రాసి ఈబర్డ్ అనే వెబ్‌సైటులో పెడతారు. ఇష్టమైనవే కాకుండా కాకి, గోరింకతో సహా అన్నీ. అప్పుడు ఆ జాబితాలో పాలపిట్ట లేదంటే నిజంగా కనబడలేదనే అర్థం. నూరు జాబితాల్లో ఎన్నింట్లో ఉంది, పదేళ్ల కిందట ఎన్నింట్లో ఉండేది, ఈ రెండూ పోల్చితే సంగతి బయటపడుతుంది. దాదాపు 30 వేల మంది పంపిన 3 కోట్ల పైచిలుకు రాతలతో 2023లో దేశ పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. 942 జాతుల లెక్క చూశారు. పాలపిట్ట పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గినట్టు తేలింది. దాన్ని పంజరంలో పెట్టి దసరా దర్శనానికి డబ్బులు వసూలు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, అది చట్టరీత్యా నేరం. మీరు కాకిని కూడా రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. కాకిని వదిలేసిన జాబితా సగం జాబితా.

అలాగే ఒక చెట్టును పట్టుకుని వారం వారం చూడటం కూడా లెక్కే. సీజన్‌వాచ్ అని దేశంలో బడిపిల్లలు చేస్తున్న పని ఉంది. ఇంటి పక్కదో బడి దగ్గరదో ఒక చెట్టు ఎంచుకుని మొగ్గ, పువ్వు, కాయ, లేతాకు, ఎప్పుడెంత ఉందో రాస్తారు. మన అడవిలో రేలచెట్టు దీనికి బంగారం లాంటిది, పూసిందంటే కిలోమీటరు నుంచి తెలుస్తుంది. ఈ రాతలతో ఏమవుతుందో అమెరికాలో చూశారు. థోరో అనే రచయిత 1850ల్లో తన ఊరు కాంకర్డ్ చుట్టూ నడుస్తూ ఏ పువ్వు ఏ రోజు పూసిందో పట్టిక రాసుకున్నాడు. బోస్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ప్రిమాక్, తన తోటివాళ్లతో కలిసి నూటయాభై ఏళ్ల తర్వాత అవే పూల కోసం అదే ఊళ్లో తిరిగాడు. సగటున వారం రోజుల పైనే ముందుగా పూస్తున్నాయి. భూమి వేడెక్కుతోందని చెప్పడానికి థోరో రాయలేదు, ఆ మాట ఆయన ఎరగడు. తేదీ వేశాడు, అంతే. మన దగ్గర ఇప్పపువ్వు తొలిసారి రాలిన రోజు అలా ఏడాదేడాదీ రాసినవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు ఫోను. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో ఫోటో పెడితే అది ఒక పేరు సూచిస్తుంది, తర్వాత తెలిసినవాళ్లు చూసి ఒప్పుకుంటారు లేదా సరిదిద్దుతారు. యాప్ మొదట చూపించిన పేరును వేదవాక్కు అనుకోకండి, మన దేశంలో లేని మొక్క పేరు కూడా ధైర్యంగా చెప్పేస్తుందది. లోపల సిగ్నల్ ఉండదు, అయినా ఫోటోలో చోటు నమోదవుతుంది. బయల్దేరే ముందు ఆ సెట్టింగు వేసుకోండి, ఇంటికొచ్చాక ఎక్కించొచ్చు. ప్రమాదంలో ఉన్న జాతులు పెడితే ఆ యాప్ కచ్చితమైన చోటును దాచేసి ఉజ్జాయింపుగా చూపిస్తుంది. వాట్సాప్ అలా దాచదు. అలుగో, నక్షత్ర తాబేలో కనబడితే చోటుతో సహా గ్రూపుల్లో పెట్టకండి, వేటగాళ్లకు దారి చూపించినట్టవుతుంది. గూడు దగ్గరికి పోయి ఫోటో తీయడం, పిట్ట కూత ఫోన్లో మోగించి పిలవడం రెండూ వద్దు. బ్యాటరీ అయిపోయిందని ఎవడైనా చేతులెత్తేస్తే అప్పుడు పుస్తకం ఎందుకో తెలుస్తుంది.

మీకొక పని అప్పగిస్తున్నాను. ఇది ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకే సాధ్యమైన పని. అడవికోళ్లు మన దేశంలో ముఖ్యంగా రెండు రకాలు. ఎర్ర అడవికోడి హిమాలయాల అడుగు నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా దిగివస్తుంది. బూడిదరంగు అడవికోడి దక్షిణాది, పడమటి అడవులది. తూర్పు వైపు ఈ రెండింటికీ సరిహద్దు దాదాపు గోదావరి అని పాత పక్షి పుస్తకాలు చెబుతాయి. అంటే మన ఇలాకాలోనే అవి ఎదురెదురుగా ఉంటాయన్నమాట. కూతను బట్టి చెప్పొచ్చు. ఎర్రది ఊళ్లో పుంజులాగే మొదలుపెట్టి చివర్లో తెగ్గొట్టినట్టు ఆపేస్తుంది. బూడిదరంగుదాని కూత విరిగిన ముక్కల్లా ఉంటుంది, ఊరి కోడి అని పొరబడలేం. కనబడితే కాళ్లు చూడండి. ఎర్రదాని కాళ్లు బూడిదరంగు, బూడిదరంగుదాని కాళ్లు ఎరుపు, పసుపు కలిసినట్టుంటాయి. దాని మెడ ఈకల మీద మైనం పూసినట్టు మెరిసే చుక్కలు కూడా ఉంటాయి.

మనం పెంచే నాటుకోడి ఎర్ర అడవికోడి సంతానం. అయితే కొన్ని నాటుకోళ్లకు కాళ్లు పచ్చగా ఉంటాయి కదా, ఆ పసుపుకు కారణమైన జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఎప్పుడో ఎక్కడో రెండూ కలిశాయి. గూడేల దగ్గర నాటుకోళ్లు అడవిలోకి పోయి మేస్తుంటాయి, అందుకని కూత విన్నచోటు నుంచి దగ్గరి ఇల్లు ఎంత దూరమో తప్పకుండా రాయండి. గోదావరికి ఏ గట్టు, ఏ కూత, ఎన్ని గంటలకు. మీ బడిలో ఇరవై మంది ఒక ఎండాకాలం ఈ నాలుగు ముక్కలూ రాస్తే, పుస్తకాల్లో గీసిన సరిహద్దు నిజంగా ఎక్కడుందో ఈ జిల్లా పిల్లలే చెప్పగలుగుతారు.

అభయారణ్యంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, ముందే తీసుకోండి. కిన్నెరసాని 1977 నుంచి అభయారణ్యం. అక్కడ పువ్వు తెంపినా చట్టం ఒప్పుకోదు. బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకోండి, కొట్టొచ్చినట్టు కనబడే రంగులు వద్దు. రాళ్ల సందుల్లో చూడకుండా చెయ్యి పెట్టొద్దు, ఎండుటాకుల్లో రక్తపింజర పడుకున్నా ఆకులాగే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో ఒకరికొకరు చూసుకోండి. దొరికితే లాగి పారేసే ముందు ఎక్కడ పట్టిందో, ఏ చోట తిరిగినప్పుడు పట్టిందో పుస్తకంలో రాయండి, అదీ జీవజాతే.